హెర్బ్ గార్డెన్ కిట్ కొన్నారా? ముందు పెట్టె విప్పి చూద్దాం

పైన ఉన్న వీడియోలో బాల్కనీలో ఆకుల మొక్కలు ఎలా మొదలుపెట్టాలో చేసి చూపించాను. వీడియోలో చెయ్యి ఎలా ఆడించాలో తెలుస్తుంది గానీ కొలతలు, నెలలు రాసుకోవడానికి ఆపి ఆపి చూడాల్సి వస్తుంది. అందుకని అవన్నీ ఇక్కడ రాస్తున్నాను. వీడియోలో చెప్పనివి కూడా కొన్ని ఉన్నాయి.

మాకు ఫోన్ చేసేవాళ్ళలో చాలామంది మొదటి మాటే "నా చెయ్యి మంచిది కాదండీ" అంటారు. కిట్ కొన్నారు, రెండు వారాలు స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టారు, మొలిచినవి మొలిచినట్టే పడిపోయాయి. ఇక అంతే, తన చేతికి మొక్క రాదని తీర్మానించేసుకుంటారు. మన ఇళ్ళల్లో ఈ మాటకి బరువు ఎక్కువ. "ఆవిడ చేత్తో గుచ్చితే ఎండుపుల్ల కూడా చిగురిస్తుంది" అని ఒకరిని మెచ్చుకుంటుంటే, పక్కనున్న ఇంకొకరు ఇక జన్మలో కుండీ జోలికి వెళ్ళరు. అలాంటివాళ్ళని నేను మూడే ప్రశ్నలు అడుగుతాను. ఏ నెలలో వేశారు? ఏ గింజ వేశారు? కోకోపీట్ కడిగారా? ఈ మూడింటికి జవాబు వినేసరికి ఎక్కడ తేడా వచ్చిందో తెలిసిపోతుంది. చేతితో సంబంధమే ఉండదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. తెనాలి దగ్గర మాకు ఆకుకూరల తోట ఉంది, దాంతోపాటు నేను కూడా చిన్న కిట్లు కట్టి అమ్ముతాను. కాబట్టి నా మాటలో వ్యాపారం ఉందని మీరు అనుకుంటే అనుకోవచ్చు. కానీ కింద చెప్పేవాటిలో చాలా భాగం కిట్ లేకుండా, మీ వంటింటి సరుకుతోనే చెయ్యొచ్చు. చేసుకోండి, నాకు సంతోషమే.

పెట్టెలో ఏముంటుంది

మామూలుగా ఒక బిగినర్స్ కిట్‌లో నాలుగైదు గింజల ప్యాకెట్లు, నీళ్ళు పోస్తే ఉబ్బే కోకోపీట్ బిళ్ళలో ఇటుకో, చిన్న కుండీలు, పేర్లు రాసుకునే పుల్లలు, ఒక స్ప్రే బాటిల్ ఉంటాయి. బొమ్మ మీద బేసిల్, థైమ్, రోజ్‌మేరీ, పార్స్లీ, ఒరెగానో. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఒకావిడ ఆన్‌లైన్‌లో కొన్న అలాంటి కిట్ నాకు తెచ్చి చూపించారు. ఒక్క గింజల ప్యాకెట్ మీద కూడా తేదీ లేదు. మన విత్తనాల షాపులో పాతిక రూపాయల తోటకూర ప్యాకెట్ తీసుకున్నా దాని మీద లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, గడువు ఉంటాయి. అవి లేని గింజని నమ్మి రోజూ నీళ్ళు పొయ్యడమంటే లేని మొక్కకి కాపలా కాయడమే.

తేదీ లేని ప్యాకెట్ ఇప్పటికే ఇంట్లో ఉంటే పారెయ్యకండి. పది గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి, గుడ్డ ఆరకుండా ఒక డబ్బాలో పెట్టండి. బేసిల్ అయితే వారం, పార్స్లీ అయితే మూడు వారాలైనా ఆగాలి, అది పుట్టుకతోనే బద్ధకం గింజ. పదిలో ఆరేడు మొలిస్తే కుండీలో వేసుకోవచ్చు. మూడు మొలిస్తే గింజలు రెండింతలు వెయ్యాలి. ఒక్కటీ రాకపోతే ఆ నెల రోజుల కష్టం తప్పినట్టే. రోజ్‌మేరీ గింజ మాత్రం కొత్తదైనా సరిగ్గా మొలవదు. కావాలంటే నర్సరీలో మొక్కే తెచ్చుకోండి.

నెల చూసుకోకుండా గింజ ముట్టుకోవద్దు

కిట్ బాక్స్ మీద "ఏడాది పొడవునా పెంచుకోవచ్చు" అని ఉంటుంది. అది చల్లటి దేశంలో, కిటికీ లోపల పెట్టుకునేవాళ్ళ మాట. మన దగ్గర మే నెలలో విజయవాడలో 40 డిగ్రీలు దాటుతుంది. రెంటచింతల పేరు ప్రతి వేసవిలో వార్తల్లో వింటూనే ఉంటాం. ఆ ఎండలో కొత్తిమీర మొలవడమే కష్టం, మొలిచినా ఆకు పట్టకముందే పూతకి వచ్చేస్తుంది. పార్స్లీ, థైమ్ సంగతి చెప్పక్కర్లేదు.

అందుకే మన వాతావరణానికి లెక్క ఇలా పెట్టుకోండి. కొత్తిమీర, పార్స్లీ, థైమ్, ఒరెగానో అక్టోబరు నుంచి జనవరి లోపు వెయ్యాలి. మెంతికూర కూడా చలికాలంలోనే బాగా వస్తుంది, కాస్త నీడ ఇస్తే మిగతా నెలల్లోనూ నెట్టుకొస్తుంది. పుదీనా, తులసి, వామాకు, నిమ్మగడ్డి, బేసిల్ వేడిని తట్టుకుంటాయి. వీటిని వానలు మొదలయ్యాక జూన్, జులైలో పెడితే తేలిగ్గా కుదురుకుంటాయి.

మరి ఏప్రిల్‌లో పుట్టినరోజు బహుమతిగా కిట్ వస్తే? పిల్లలు ఆగరు, నాకు తెలుసు. చలికాలం గింజల్ని గాలి చొరని డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి, అక్టోబరు దాకా ఏమీ కావు. ఈలోపు పిల్లల చేత మెంతులు వేయించండి. వంటింటి మెంతులు గుప్పెడు రాత్రి నానబెట్టి, నీడపట్టున వెడల్పు ట్రేలో చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక కనబడుతుంది. పిల్లలకి అంతకంటే తొందరగా సంతోషం కలిగించే గింజ నాకు తెలీదు. ఇరవై, పాతిక రోజులకి పప్పులోకి సరిపడా ఆకు.

కోకోపీట్ మట్టి కాదు

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే, అందుకని కొంచెం నిదానంగా చెబుతాను. కోకోపీట్ అంటే కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు. కోనసీమ వైపు వెళ్తే దీన్ని గుట్టలుగా చూడొచ్చు. నీళ్ళు పట్టి ఉంచుతుంది, వేరుకి గాలి ఆడనిస్తుంది, తేలిగ్గా ఉంటుంది. నారు పొయ్యడానికి చాలా మంచిది. కానీ అందులో మొక్కకి తిండి దాదాపు లేదు. పైగా సోడియం, పొటాషియం ఉప్పులు ఉంటాయి.

గింజ మొలిచినప్పుడు దాని సద్దిమూట దానితోనే వస్తుంది. మొదటి రెండాకులు ఆ సద్దిమూట తినే పెరుగుతాయి. అందుకే మొదటి పది రోజులు వట్టి కోకోపీట్‌లో కూడా నారు పచ్చగా కళకళలాడుతుంది. మీరు ఫొటో తీసి గ్రూపులో పెడతారు. తర్వాత సద్దిమూట ఖాళీ. ఆకు పసుపు తిరుగుతుంది, ఎదుగుదల ఆగిపోతుంది. నీళ్ళు తక్కువయ్యాయేమోనని ఇంకా కొడతారు. కాండం మట్టి దగ్గర మెత్తబడి పడిపోతుంది. ఈ చివరిదాన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. తడి ఎక్కువై, గాలి ఆడనిచోట వస్తుంది. పడిపోయిన నారుని ఏ మందూ లేపలేదు, ఆ ట్రే ఖాళీ చేసి మళ్ళీ వేసుకోవాల్సిందే.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. 650 గ్రాముల ఇటుకని బకెట్‌లో వేసి నాలుగు లీటర్ల దాకా నీళ్ళు పొయ్యండి. అరగంటలో ఉబ్బి ఎనిమిది, తొమ్మిది లీటర్ల పొట్టు అవుతుంది. దాన్ని పాత చీర ముక్కలో వేసి పిండండి. ఎర్రటి నీళ్ళు కారతాయి. మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ పిండండి. రంగు పలచబడేదాకా రెండు మూడుసార్లు చేస్తే ఉప్పు చాలావరకు పోతుంది. నారు వరకు ఇది చాలు. రెండు అసలు ఆకులు, అంటే మొదట వచ్చే జంట ఆకుల తర్వాతవి, రాగానే మట్టి కలిపిన కుండీలోకి మార్చెయ్యాలి. బిళ్ళలకి చుట్టూ సన్నటి వల ఉంటే మార్చేటప్పుడు చించెయ్యండి. కొన్ని వలలు ఏళ్ళు గడిచినా మట్టిలో కలవవు, వేరు లోపలే చుట్టుకుపోతుంది.

కుండీ మట్టికి నేను వాడే పాళ్ళు: రెండు వంతుల ఎర్రమట్టి, రెండు వంతుల బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు, ఒక వంతు కడిగిన కోకోపీట్. ఒక్కో కుండీకి గుప్పెడు వేపపిండి. మా వైపు నల్లరేగడి దొరుకుతుంది గానీ కుండీలో అది తడిస్తే ముద్ద, ఆరితే రాయి. అదొక్కటే దొరికితే ఇసుక ఎక్కువగా కలుపుకోండి. మేము డిప్లొమాలో ఎకరానికి టన్నుల లెక్క నేర్చుకున్నాం. గుప్పెడు, చెంచా లెక్కలు నాకు నేర్పింది మాత్రం కొనుక్కున్నవాళ్ళ ప్రశ్నలే.

కుండీ అడుగున రంధ్రం ఉందో లేదో చూసుకోండి. కిట్‌లో వచ్చే రంగురంగుల రేకు డబ్బాలకి చాలాసార్లు ఉండదు. మేకు పెట్టి నాలుగు కొట్టండి.

కొత్తిమీర

అందరూ అడిగేది ఇదే, అందరూ విసుక్కునేదీ ఇదే. ధనియం అని మనం అనుకునే గుండ్రటి గింజ నిజానికి ఒక కాయ. లోపల రెండు గింజలు ఉంటాయి. అలాగే వేస్తే నీళ్ళు లోపలికి దిగడానికి చాలా రోజులు పడుతుంది. గుడ్డ మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించండి, రెండు బద్దలవ్వాలి, పొడి కాకూడదు. ఆ బద్దల్ని రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే అరసెంటీమీటరు నుంచి ఒక సెంటీమీటరు లోతులో వెయ్యండి. వారం నుంచి రెండు వారాల్లో మొలుస్తుంది. నాలుగో రోజుకే మట్టి తవ్వి చూడొద్దు.

దీన్ని చిన్న కుండీలో వేసి పెద్ద కుండీలోకి మార్చే పని పెట్టుకోకండి. దీనిది తల్లివేరు, కదిపితే అలుగుతుంది. మొదటే ఆరంగుళాల లోతున్న వెడల్పు టబ్బులో వేసేయాలి. కిట్‌లో కొత్తిమీరకి టీ కప్పు అంత కుండీ ఇచ్చారంటే, ఇచ్చినవాళ్ళు ఎప్పుడూ కొత్తిమీర పెంచలేదన్నమాట.

వంటింటి ధనియాలు పనికొస్తాయా అని అడుగుతారు. పనికొస్తాయి, అవి బాగా పాతవి కాకపోతే. వేయించినవి అయితే పొడి చేసుకోండి. కానీ దీనికి ఉల్టా విషయం ఒకటి ఉంది, ఇది దయచేసి గుర్తుపెట్టుకోండి. విత్తనాల షాపులో కొన్న ధనియాలు గులాబీ రంగులోనో, ఇంకేదో పూత పూసినట్టో ఉంటే అది విత్తనశుద్ధికి కలిపిన శిలీంధ్రనాశిని మందు. మిగిలిపోయాయి కదా అని పోపుల డబ్బాలోకి చేర్చకండి. ఆ ప్యాకెట్‌ని వంటింట్లోకే రానివ్వద్దు. పిల్లల చేత ఆ గింజలు చల్లించొద్దు. మా కిట్లలో మందు పట్టించని గింజలే పెట్టడానికి కారణం ఇదే. ప్రకృతి వ్యవసాయంలో విత్తనశుద్ధికి బీజామృతం ఉండనే ఉంది.

ముప్పై అయిదు, నలభై రోజులకి ఆకు కోతకి వస్తుంది. వేరుతో పీకకుండా బయటి కాడల్ని కత్తిరించుకుంటే రెండు మూడుసార్లు వస్తుంది. తర్వాత పూత. కొత్తిమీర ఒక్కసారి వేసి ఏడాదంతా కోసే మొక్క కాదు. రెండు టబ్బులు పెట్టుకుని పదిహేను రోజుల తేడాతో వేస్తూ పోతే చలికాలమంతా గొలుసులా అందుతుంది. అయినా ఇంటికి కావాల్సిన కొత్తిమీర మొత్తం ఇక్కడి నుంచే వస్తుందని నేను చెప్పను. రసంలోకి, చట్నీ మీదకి వస్తుంది. కట్ట కొనడం పూర్తిగా మానరు.

పుదీనా మొదలుపెట్టడానికి గింజ అక్కర్లేదు

కిట్‌లో పుదీనా గింజలు ఉంటే పక్కన పెట్టండి. రైతుబజారులో పది రూపాయల కట్ట కొని, అందులో లావుగా ఉన్న ముదురు కాడలు నాలుగైదు ఏరండి. కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మునిగేలా గ్లాసు నీళ్ళలో పెట్టండి. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాలి. వారం, పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు వస్తాయి. నాటుకోవడమే. నిజానికి మొట్టమొదట పెట్టాల్సిన మొక్క ఇదే అని నా అభిప్రాయం. గాజు గ్లాసులో వేరు రావడం కళ్ళారా చూసినవాళ్ళు "నా చెయ్యి మంచిది కాదు" అనే మాట మళ్ళీ అనరు.

పుదీనాకి సొంత టబ్బు ఇవ్వాలి. ఇంకో మొక్కతో కలిపి పెడితే పాకుతూ వెళ్ళి దాన్ని తొక్కేస్తుంది. ఎండ కాస్త తక్కువున్నా ఫర్వాలేదు. కోసేటప్పుడు మట్టికి రెండంగుళాల పైన కత్తిరిస్తే మళ్ళీ మళ్ళీ చిగురిస్తుంది. ఏడాదికోసారి పీకి, కొత్త కాడలు కొత్త మట్టిలో పెట్టుకోండి.

బేసిల్ గురించి ఒక చిన్న రహస్యం. విదేశీ బేసిల్ గింజలని పది, పదిహేను గింజల ప్యాకెట్ ఖరీదు చూసి భయపడుతుంటారు. మనం ఎండాకాలం షర్బత్‌లో, ఫలూదాలో వేసుకునే సబ్జా గింజలు స్వీట్ బేసిల్ గింజలే. కిరాణా కొట్లో యాభై గ్రాములు కొంటే వీధి మొత్తానికి సరిపోతాయి. తడవగానే జిగురు పట్టి ఉబ్బుతాయి, కంగారుపడకండి. మట్టి మీద చల్లి, పైన పలచగా దుమ్ములా మట్టి చల్లితే చాలు. లోతుగా పూడిస్తే రావు. ఇటలీ రకం అంత పెద్ద ఆకు రాకపోవచ్చు, వాసనలో కూడా కొంచెం తేడా ఉంటుంది. మనకి పిజ్జా మీద నాలుగు ఆకులు కావాలి, అంతే కదా.

వామాకు అయితే మరీ సులువు. ఎవరింట్లోనైనా కొమ్మ విరిచి తెచ్చి గుచ్చితే బతుకుతుంది. దీన్ని కర్పూరవల్లి అని కూడా అంటారు. వాసన వల్ల ఆ పేరొచ్చింది గానీ, మనం కూరల్లో వేసే వాము ఈ మొక్కది కాదు, అది వేరే మొక్క గింజ. కండగల ఆకు కాబట్టి నీళ్ళు తక్కువ పొయ్యాలి. బజ్జీలు ఎలాగూ మీకు తెలుసు.

కరివేపాకు గింజతో మొదలుపెట్టొద్దు. పండు రాలిన కొద్దిరోజులకే గింజలో జీవం పోతుంది, ప్యాకెట్‌లో కూర్చుని మీ కోసం ఎదురుచూడదు. నర్సరీలో అడుగు మొక్క కొని కనీసం పన్నెండు అంగుళాల కుండీలో పెట్టండి. మొదటి ఏడాది రెబ్బలు దూయకుండా, కొస తుంచి గుబురు చెయ్యండి.

ఎండ, నీళ్ళు, ఎరువు

తూర్పు బాల్కనీ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. పొద్దుటి ఎండ నాలుగైదు గంటలు పడితే పైన చెప్పినవన్నీ వస్తాయి. పడమర బాల్కనీకి ఫిబ్రవరి చివర నుంచే 50 శాతం షేడ్ నెట్ కట్టండి. ఉత్తరం వైపు మాత్రమే ఉంటే పుదీనాతో సరిపెట్టుకోవడం మంచిది. నారు సన్నగా, పొడుగ్గా సాగి వాలిపోతోందంటే దానికి వెలుతురు చాలడం లేదని అర్థం.

నీళ్ళకి టైమ్‌టేబుల్ పెట్టుకోకండి. వేలు అంగుళం లోపలికి గుచ్చండి. తడి తగిలితే ఆ రోజు మానెయ్యండి. స్ప్రే బాటిల్ గింజ మొలిచేదాకే. మొక్క వచ్చాక పైన తడిపితే వేరుకి అందదు, మగ్గుతో అడుగు రంధ్రం నుంచి కారేదాకా పొయ్యాలి. అపార్ట్‌మెంట్లలో చాలామంది ఆర్వో మెషిన్ బయటికి వదిలే నీళ్ళు కుండీలకి పోస్తున్నారు. వృథా చెయ్యకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ అసలే ఉప్పగా ఉండే బోరు నీళ్ళలోంచి ఉప్పంతా విడదీసి వదిలిన నీళ్ళవి. కుండీ అంచున తెల్లటి పెచ్చు కనబడితే అదే. వాటిని ఇల్లు తుడవడానికి వాడుకుని, ఏసీ నీళ్ళు, వాన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకి పొయ్యండి.

జీవామృతం పొలానికైతే 200 లీటర్ల డ్రమ్ములో కలుపుతాం. సుభాష్ పాలేకర్ గారి పద్ధతిని ఇంటికి కుదిస్తే 10 లీటర్ల నీళ్ళకి అరకిలో నాటు ఆవు పేడ, అరలీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల శనగపిండి, చిటికెడు పుట్టమన్నో గట్టు మట్టో. నీడలో పెట్టి రెండు పూటలా కర్రతో కలిపితే 48 గంటలకి తయారవుతుంది. వారంలో వాడెయ్యాలి. ఒక వంతుకి పది వంతుల నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి మొదట్లో పొయ్యండి. పక్క ఫ్లాట్‌వాళ్ళు వాసనకి ఊరుకోరనుకుంటే ఘన జీవామృతం నెలకి ఒక గుప్పెడు చాలు, గొడవ లేదు.

ఇది ఆకుల మీద కొట్టొద్దు అంటాను నేను. పొలంలో వరి మీద పిచికారీ చేస్తాం, అది వేరు. పుదీనా, కొత్తిమీర మనం పచ్చిగా మజ్జిగలో, చట్నీలో వేసుకుంటాం. పేడ కలిసిన నీళ్ళు ఆకు మీద పడితే కడుపులోకి వెళ్ళేది కూడా అదే. వేరుకే పొయ్యండి, కోసిన ఆకు శుభ్రంగా కడగండి. ఈ మాట అన్నందుకు మన ప్రకృతి వ్యవసాయం మిత్రులే కొందరు నన్ను కోప్పడ్డారు. అయినా మార్చుకోను.

పేనుబంక, పిండినల్లి వస్తే ముందు నీళ్ళ ధారతో కడిగెయ్యండి. పోకపోతే లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కలు సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట కొట్టండి. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆ ఆకు కొయ్యొద్దు, చేదు దిగదు.

అమెరికా నుంచి చూసే అక్కలు, అన్నలు కరివేపాకు గురించి అడుగుతున్నారు. ఇక్కడి నుంచి మొక్క గానీ పచ్చి ఆకు గానీ సూట్‌కేసులో పెట్టుకెళ్ళొద్దు. నిమ్మ, బత్తాయి తోటలకి జబ్బు మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకని అక్కడ ఆంక్షలున్నాయి. కొన్ని రాష్ట్రాల మధ్య మొక్క తరలించడానికీ నిబంధనలు ఉన్నాయి, మీ రాష్ట్రంలో లైసెన్సున్న నర్సరీలోనే కొనుక్కోండి. మెంతులు, పుదీనా, సబ్జాకి ఆ గొడవ లేదు. మీ ఇండియన్ స్టోర్‌లో దొరికే సరుకుతోనే కిటికీ దగ్గర మొదలుపెట్టొచ్చు, వేసవిలో బయట పెట్టుకోవచ్చు.

ధనియాలు బద్దలు చెయ్యడం, కోకోపీట్ పిండడం వీడియో మొదటి భాగంలోనే ఉన్నాయి, ఆ రెండూ ఒకసారి చూసి చెయ్యండి. పుదీనా కాడలు మాత్రం ఇవాళే గ్లాసులో పెట్టెయ్యండి, దానికి ఏ నెలైనా ఒకటే.